బంతి నొక్కను

పక్షవాతం వచ్చి ఎడమచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి మా కోడలి లెక్కలో నేను మూడేళ్ల పిల్లని.

ఆఫీసు నుంచి వచ్చి వంటింటి గుమ్మంలోనే ఆగిపోయింది. గట్టంతా పిండి, పంచదార పొడి. ట్రేలో వెన్న బిస్కెట్లు. రెండేసి బిస్కెట్ల మధ్య స్ట్రాబెర్రీ ఐసింగ్ కోన్‌తో నొక్కి జత చేశాను. సగం జతలు పక్కకి ఒరిగిపోయి ఐసింగ్ బయటికి కక్కుతున్నాయి. నేను కుడిచెయ్యి వెనక్కి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాను.

"ఎడమచేత్తో రోజుకి ముప్పైసార్లు నొక్కమని ఫిజియో గారు రబ్బరు బంతి ఇస్తే బీరువా కిందికి దొర్లించేశారు. ఇవి చెయ్యడానికి మాత్రం ఓపికొచ్చిందా?"

"బంతి నొక్కను. నేనేమన్నా చంటిపిల్లనా?"

"సరే, పనిచేసే ఆ ఒక్క చెయ్యీ అరగదీసుకోండి. అదీ పడిపోతే ఇక నా వల్ల కాదత్తయ్యా."

అంటూనే ఒక జత నోట్లో వేసుకుంది. ఇంకోటి తీసుకుంది. మొహంలో కోపం అలాగే ఉంది, చెయ్యి మాత్రం ట్రే వదలడం లేదు.

"రుచి బానే ఉంది. ఐసింగే ఇలా వంకర టింకరగా ఉందేంటి? కొంపదీసి కుడిచెయ్యి కూడా వణుకుతోందా? ఏదీ, చూపించండి."

నడుము వెనక ఏప్రన్ నాడాలో ఇరికించుకున్న కుడిచేతిని బయటికి లాగి చూపించాను. ఐసింగ్ మరక ఒక్కటీ లేదు. మరకలన్నీ ఎడమచేతికే ఉన్నాయి.

"లెక్కపెట్టుకో," అన్నాను. "నువ్వు మింగిన రెండింటితో కలిపి ముప్పై."