బువ్వ తింటివా

గనిలోకి దిగేది లేదని కూలీలంతా గట్టు మీదనే కూర్చున్నారు.

జమ్మలమడుగు పక్కన నాపరాళ్ళ గని అది. ముసురు పట్టి వాన కురిసి, గనికి ఒకవైపున్న నిలువు గోడ నెర్రె బాసింది. దాన్ని మొదట చూసినవాడు చెన్నయ్య, ఆ గనిలో అందరికంటే పాత మనిషి. చెన్నయ్య కూర్చున్నాడు గనుక అందరూ కూర్చున్నారు.

యజమానికి చెమటలు పట్టాయి. సాయంత్రానికి లారీలు నిండాలి. పాల్ రాజుకు కబురు పెట్టాడు.

పాల్ రాజు అంటే నోరే. చదివింది మామూలు డిగ్రీ. ఇంగ్లీషు అంతంతమాత్రం. గుమాస్తాగా చేరినవాడు ఆఫీసులో యజమాని పక్క కుర్చీ దాకా వచ్చాడంటే అంతా ఆ నోటి చలవే. అంత మాటకారితనం రాళ్ళ గనిలో ఎక్కడ పనికొచ్చిందంటారా? చావు ఇళ్ళలో.

గనిలో మనిషి పోతే, శవం కంటే ముందు పాల్ రాజు మాట ఆ ఇంటికి చేరేది. దానికొక వరస పెట్టాడు. మొదట బువ్వ తింటివా అని అడగాలి. తినకుంటే తినమనాలి, ఎందుకంటే కబురు తెలిశాక శవం లేచేదాకా ఆ ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టరు. ఆ తర్వాత వరసా పేరూ కలిపి చెప్పాలి, మీ ఆయన ఫలానా అని. పేరు చెప్తే మర్యాదగా ఉంటుంది. పోయాడని మాత్రం చచ్చినా అనకూడదు. ఏదో చిన్న దెబ్బ, ఆసుపత్రికి పోతోంది అన్నట్టు, రోంత దెబ్బ తగిలింది, కడపకు తీస్కపోతాండాం, అనాలి. అంతే. కడుపు నిండి, ఆశ మిగిలిన మనిషి గేటు కాడ గొడవ చెయ్యడు. చూపించిన చోట వేలిముద్ర వేస్తాడు.

పాపిష్టి పనే. కాదనేవాడెవడు? కానీ దాంతోనే జీతం పెరిగింది, ఊళ్ళో పేరూ పెరిగింది. తన కింద పనిచేసే నబీ రసూల్‌కు కూడా ఆ వరస వల్లె వేయించాడు.

ఆ పొద్దు యజమాని అతన్ని పక్కకు పిలిచాడు. పులివెందుల దగ్గర కొత్త గని తెరుస్తున్నానని, దానికి మేనేజరు కావాలని చెప్పాడు. "వీళ్ళను దింపు. ఆ కుర్చీ నీదే."

పాల్ రాజు పోయి కూలీల మధ్య బండ మీదే కూర్చున్నాడు. నిలబడి మాట్లాడితే దొర, కూర్చుని మాట్లాడితే మనవాడు. అది కూడా అతని విద్యే.

చెన్నయ్య అతని మొహంలోకి చూశాడు. "ఇంత పొద్దున్నే వస్తివే. బువ్వ తింటివా?"

పాల్ రాజు ఆ మాట విననట్టే మొదలుపెట్టాడు. ఇంజనీరు వచ్చి చూసి పోయాడన్నాడు. ఏ ఇంజనీరూ రాలేదు. ఆ నెర్రె పాతదేనన్నాడు. మీకేమన్నా అయితే నాకు నిద్ర పడుతుందా అన్నాడు. గొంతు తగ్గించాల్సిన చోట తగ్గించాడు, ఆగాల్సిన చోట ఆగాడు. ఒక్కడు కూడా లేవలేదు.

యజమాని జీపు దగ్గర నిలబడి ఇటే చూస్తున్నాడు. పులివెందుల కుర్చీ కళ్ళ ముందే జారిపోయేట్టుంది.

"పెద్దాయనా, నువ్వు లేస్తే అందరూ లేస్తారు," అన్నాడు చివరికి. ఆఫీసులో కుర్చీ వచ్చాక గనిలో అతన్ని అలాగే పిలిచేవాడు.

"ఆ నెర్రె శానా చెడ్డది నాయనా. నీకు తెల్దా?"

పాల్ రాజు నేల చూశాడు. "ఏం కాదు. నా మాట నమ్ము."

చెన్నయ్య జీపు దగ్గరున్న యజమాని వైపు చూశాడు. "మేము దిగితే నీకు మేలు జరుగుతాదా?" అని అడిగాడు.

పాల్ రాజు తల ఊపాడు.

చెన్నయ్య టువాలు తలకు చుట్టుకుని, సుత్తీ ఉలీ తీసుకుని దిగాడు. వెనకే ఒకరొకరుగా అందరూ దిగారు. యజమాని వచ్చి పాల్ రాజు భుజం తట్టాడు. నీ నోరు నోరు కాదప్పా, అని మెచ్చుకున్నాడు. పాల్ రాజు కూడా అదే అనుకున్నాడు.

మధ్యాహ్నానికి ప్రొద్దుటూరులో ఉన్నాడు. అక్కడొక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు కమ్యూనికేషన్ స్కిల్స్ మీద మాట్లాడమని పిలిచారు. వేదిక వెనక 'నోరు మంచిదైతే ఊరు మంచిది' అని బ్యానరు కట్టారు. ఉద్యోగంలో మార్కుల కంటే మాటే మనిషిని పైకి తెస్తుందని చెప్పాడు. ఎదుటివాడు ఏం వినాలనుకుంటాడో ముందే కనిపెట్టమన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

సహస్ర అనే అమ్మాయి లేచి, ఈ విద్య మీకెవరు నేర్పారు సార్ అని అడిగింది.

"ఎవరూ నేర్పలేదమ్మా," అన్నాడు పాల్ రాజు. "నా అంతట నేను నేర్చుకున్నదే."

భోజనాల దగ్గర ప్లేటు చేతికి తీసుకున్నాడో లేదో ఫోన్ మోగింది. నబీ రసూల్. మేనేజరు ఆర్డరు సంగతే అయ్యుంటుందని నవ్వుతూ ఎత్తాడు.

"అన్నా, బువ్వ తింటివా?"

పాల్ రాజు నవ్వు ఆగింది. ఎవరో కూలీ పోయినట్టున్నాడు, ఈ నబీ రసూల్ అలవాటు కొద్దీ ఆ వరస తన దగ్గరే మొదలుపెట్టాడు అనుకున్నాడు. ఒళ్ళు మండింది.

"నా పాఠం నాకే చెప్తాండావా? ఎవరింటికి చెప్పాల్నో ఆ ఇంటికి నువ్వే పో," అన్నాడు.

"ముందు తినన్నా," అన్నాడు నబీ రసూల్, గొంతు వణక్కుండా, నేర్చుకున్న వరస ఎక్కడా తప్పకుండా, "మీ నాయన చెన్నయ్యకు రోంత దెబ్బ తగిలింది, కడపకు తీస్కపోతాండాం."