దేవుడు రాని రాయి

"మా నాయనకు మతి తప్పుతాంది సార్," అన్నాడు వెంకటేశ్, కుర్చీలో కూర్చోకముందే.

నంద్యాలలో ఆ డాక్టరు గది చిన్నది. బెంచీ మీద సంజీవయ్య, పక్కన ఆయన భార్య పాపమ్మ, ఆమె ఒళ్లో టిఫిన్ క్యారేజీ. మతి తప్పిందంటున్న మనిషి గోడ మీది క్యాలెండర్‌ను తీరిగ్గా చూస్తున్నాడు.

"ఏం మర్చిపోతున్నారు?"

"మర్చిపోయేది కాదు సార్. మాది ఆళ్లగడ్డ. విగ్రహాలు చెక్కే ఇల్లు. ఈయన యాభై ఏండ్లు ఉలి పట్టినాడు. పొద్దున మొదలుపెడితే మేమంతా పండుకున్నాక గూడా టక్ టక్కే. ఉగాదికి పనంతా మిషన్లకు మార్చినా. సాయంత్రం ఆరుకంతా షెడ్డు బంద్. ఇంక సుఖంగా ఉండు నాయనా అంటి. ఆ వెంటనే నేనూ నా భార్యా ఓ వారం అవుకులో మా అత్తగారింటికి పోయొస్తే, ఈయన మళ్లీ రాత్రి సంగటి తిని ఉలి పట్టుకోని కూసున్నాడు."

"మంచిదే కదా. ఏం చెక్కుతున్నారు?"

"అది ఆయనకే తెలీదు సార్!"

నాలుగడుగుల నల్లరాయి. మొదట వినాయకుడనుకున్నారు. తొండం రాలేదు. తర్వాత నంది అనుకున్నారు. కొమ్ము రాలేదు. మూడు నెలల్లో రాయి అడుగున్నరకు దిగింది. ఎదురింటి బుడేన్ రోజూ గోడ మీంచి తొంగి చూసి, "ఏం సంజీవయ్యన్నా, దేవుడు బయల్దేరినాడా?" అంటాడు. "వస్తాడులే," అంటాడు ఈయన. విగ్రహం కోసం ప్యాపిలి నుంచి వచ్చినవాళ్లు ఆ రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

"ఉలి ముట్టొద్దని ఒక్క మాట రాయండి సార్. ఉలి పెట్టెకు తాళమేస్తా."

సంజీవయ్య చూపు క్యాలెండర్ మీంచి దిగింది. "ఆ పెట్టె జోలికి రావద్దురా," అన్నాడు.

డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పెద్దాయనా, వయసు పెరిగేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది. పగలు చూసినవీ విన్నవీ మెదడు సర్దిపెట్టుకునేది ఆ నిద్రలోనే. అది చాలకపోతే తికమక మొదలవుతుంది. పడుకోవాల్సిన వేళ రాయి కొడుతుంటే ఎలా?"

"నిజమే సారూ. నిద్ర లేకుంటే మనిషి మనిషి కాదు," అన్నాడు సంజీవయ్య, డాక్టరు కంటే గట్టిగా.

"మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. గొడుగు, చింతపండు, రైలు. సరే, వందలోంచి ఏడు తీసేస్తూ రండి."

సంజీవయ్య రెండు దాకా దిగి, "ఇంక పోదు సారూ, రెండు మిగిలె," అన్నాడు. "గొడుగు, చింతపండు, రైలు. మీ క్యాలెండరు మాత్రం పోయిన నెలలోనే ఆగింది."

డాక్టరు లేచి కాగితం తిప్పాడు.

"ఈయన్ను అడిగితే ఏం చెప్తాడు, నన్నడుగు సారూ," అంది పాపమ్మ. "నన్ను చూసి నేర్చుకోమంటే నేర్చుకోడు. నా తల దిండుకు తగిల్తే కోడి కూసిందాకా సోయుండదు. మనవళ్ల పోన్ నంబర్లన్నీ నోటికి చెప్తా. రాసుకుంటావా?"

"వద్దమ్మా, నమ్ముతాను," అని డాక్టరు నవ్వాడు. "చూశారా పెద్దాయనా, నిద్ర మహిమ! తల్లీకొడుకులిద్దరూ కాసేపు బయట కూర్చోండి. ఆ దేవుడెవరో నేను కనుక్కుంటాను."

పది నిమిషాలకు సంజీవయ్య చీటీ పట్టుకుని బయటికొచ్చాడు. వెంకటేశ్ లాక్కుని చదివాడు.

'మందులు అక్కర్లేదు. ఉలి పెట్టెకు తాళం వేయరాదు. ఈ రాయి అయిపోయేలోపు ఇంకో రాయి తెప్పించవలెను.'

"ఈ డాక్టరుకు గూడా మతి తప్పిందే! లోపల ఏం చెప్పినావ్ నాయనా?"

పాపమ్మ రోడ్డవతల జామకాయల బండి దగ్గరుంది. ఒక్కో కాయా నొక్కి చూస్తూ బండివాణ్ని తిడుతోంది. సంజీవయ్య అటు చూసి, గొంతు తగ్గించాడు.

"మీ అమ్మకు చెప్పొద్దు. బెదురుతాది."

"ఏందీ చెప్పొద్దు?"

"నువ్వు షెడ్డు బంద్ జేసి అవుకుకు పోయిన వారం, నలభై ఐదేండ్లు నా ఉలి చప్పుడు వింటా పండుకున్న మనిషి ఒక్క రాత్రీ రెప్పెయ్యలా, ఆరో దినం తెల్లార్తో నా చేతికి టీ ఇచ్చి, 'మా ఇంటాయన యాడికో పోయినాడు, నువ్వెవురప్పా?' అనె."