వినడానికే వచ్చాం

"మేం మాట్లాడ్డానికి రాలేదమ్మా, మీ మాట వినడానికే వచ్చాం" అని మొదలుపెట్టి, నేను ముప్పావుగంట మాట్లాడాను.

మాది అనకాపల్లిలో పాఠకుల చందాలతో నడిచే చిన్న వార్తాసంస్థ. లాభం చూసుకోం, ప్రకటనలు వేసుకోం. పెద్ద పత్రికలు పట్టించుకోని ఊళ్ల మాట వినడమే మా ఆశయం. ఆ ఆశయాన్ని మోసుకుని రావికమతం దాటి, మోకాలి లోతు వాగు దాటి, కొండ మీద పాతికమందిని కూర్చోబెట్టి వివరించాను.

ముందు వరసలో ఉన్న సోమాలమ్మ అనే పెద్దావిడ మధ్యలో చెయ్యెత్తింది. నా మాటలు అంతగా నచ్చాయనుకుని గొంతు పెంచాను. రెండోసారి ఎత్తింది. గొంతులేని వారికి గొంతు కావడం గురించిన ముక్క మళ్లీ చెప్పాను. మూడోసారి ఏకంగా లేచి నిలబడింది. నమస్కారం పెట్టి, కూర్చోమని సైగ చేసి, పత్రికా స్వేచ్ఛలోకి వెళ్లాను.

చప్పట్లు అయ్యాక, "చెప్పండమ్మా, ఏదో అడగబోయారు" అన్నాను.

"అడగడానిక్కాదు బాబూ. పైన వాన పడతంది, వాగొచ్చేత్తది, బేగి ఎల్లిపోండని సెప్పడానికి సెయ్యెత్తేను. ఇప్పుడొచ్చేసింది."

పరుగెత్తి చూశాను. వాగు రెండు గట్లూ ఒరుసుకుని ఎర్రగా పారుతోంది.

"ఇప్పుడెలా?"

"రేప్పొద్దున్న దాకా ఎల్లనేరు" అంటూ సోమాలమ్మ చాప పరిచింది.

మా రిపోర్టరు లక్ష్మీకుమారి అప్పటిదాకా తెల్లగా ఉన్న నోట్‌బుక్ తెరిచింది.

"కూకోండి బాబూ. ఇప్పుడు మేం సెప్తాం."