అందరికీ ఇచ్చే కాగితం

ఆ రోజు ఇంట్లో ముగ్గురమే ఉన్నాం. ముందు గదిలో కుట్టుమిషను దగ్గర అమ్మ, వెనక గదిలో జ్వరంతో అక్క, అక్క పక్కన నేను.

రొమ్ములు పెద్దవిగా కనిపించాలని అక్క ఆపరేషన్ చేయించుకుందని నాకొక్కదానికే తెలుసు. ఆఫీసు ట్రైనింగ్‌కి వెళ్తున్నానని అమ్మకు చెప్పింది. తిరిగొచ్చాక వచ్చిన జ్వరాన్ని కూడా ప్రయాణం అలసటేనని దాచింది. ఇప్పుడు ఎడమ వైపు ఎర్రగా వాచి, కుట్ల దగ్గర చీము పట్టింది.

"జ్వరం గానీ వాపు గానీ వస్తే వెంటనే రమ్మని ఆస్పత్రివాళ్ల కాగితంలో ఉందక్కా."

"అది అందరికీ ఇచ్చే కాగితమే."

"అందరికీ ఇస్తే నీకూ ఇచ్చినట్టే కదా!"

"వెళ్తే లోపల పెట్టింది తీసేస్తారే. చెప్పనని మొదటి రోజే మాటిచ్చావు, ఇప్పుడు అమ్మకి చెప్పావో, నా మీద ఒట్టే."

అంతలో అక్కకు వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడుతున్నాయి. ఒట్టు తీసి గట్టున పెట్టి అమ్మను పిలిచాను.

మెడలో టేపుతోనే వచ్చిన అమ్మ, అక్క జాకెట్టు హుక్కులు విప్పి చూసి కొయ్యబారిపోయింది.

"ఈ పాడు బుద్ధి ఎవరు పుట్టించారే నీకు?"

"నువ్వే. నా కొలతలు తీసినప్పుడల్లా, కుట్టించుకోడానికి వచ్చినవాళ్ల ముందే, నీకు టేపు దండగ అనేదానివి."

"నవ్వులాటకన్నానే తల్లీ!"

ట్యాక్సీ వచ్చింది. అమ్మ అక్కను పొదివి పట్టుకుని ఎక్కించి, తానూ కూర్చుంది. వెనకాలే నేనూ అమ్మ చెయ్యి పట్టుకుని ఎక్కబోతుంటే, అమ్మ నా వైపు తిరిగింది.

"జ్వరం వచ్చి ఎన్నాళ్లయిందే?"

"ఐదు రోజులమ్మా."

"తెలిసీ నోరు మూసుక్కూర్చున్నావా?"

మాట తప్పానని అంతసేపూ కుమిలిపోతున్నాను. ఐదు రోజులు మాట నిలబెట్టుకోవడమే తప్పని అప్పుడు అర్థమైంది.

అమ్మ నా చెయ్యి విదిలించి, ట్యాక్సీ తలుపు వేసేసింది.