గంట మోగాక

గంట మోగగానే ముసలాయన పక్క గదిలో కుర్చీలోంచి లేచి ట్రూడీ గదిలోకి వచ్చాడు.

టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు.

పక్క గది కుర్రాడు బ్రెంట్ తలుపులోంచి తొంగిచూసి కన్ను గీటాడు. "భలే నటుడు! ఇంకాస్తుంటే నేనే ఏడ్చేవాణ్ణి. కానీయ్, నీ వంతు."

అది పరీక్ష. ఆరోగ్యం, మానవ సేవలు అనే డిగ్రీ చదివేవాళ్లకి డులూత్ ఊళ్లోని ఆ కాలేజీ ఏటా జనవరిలో పెడుతుంది. ఊళ్లోవాళ్లెవరో కష్టాల్లో ఉన్న మనిషి వేషం కట్టి గది గదికీ తిరుగుతారు. పిల్లలు వినాలి, రాసుకోవాలి, ఏ ఆఫీసుకి వెళ్లాలో చెప్పి పంపాలి. గంట మోగితే ఆపెయ్యాలి. అద్దం వెనక కూర్చుని డాక్టర్ లిండ్‌గ్రెన్ మార్కులు వేస్తుంది.

ఇందులో తప్పితే, ఆఖరి ఏడాది పని నేర్చుకోడానికి ఏ ఆఫీసుకీ పంపరు. పనిలోకి పంపకపోతే డిగ్రీ లేదు.

డిగ్రీ రాకపోతే అన్న డెరిల్ నోటికి మూత ఉండదు. ఇప్పటికే లేదు.

"నర్సువి కావు, లాయరువి కావు. కాస్త రోగం, కాస్త చట్టం, కాస్త మనసు, కాస్త సంఘం. అది చదువా, మిగిలిపోయిన కూరలన్నీ కలిపి పొయ్యిలో పెట్టిన హాట్‌డిష్షా?" అన్నాడు ఇవాళ పొద్దున కూడా.

"నువ్వు రెండోసారి వడ్డించుకుని తినేది అదేగా!" అనేసి వచ్చింది ట్రూడీ.

"చెప్పండి," అంది ముసలాయనతో.

"నా పేరు ఆర్వో నీమి. ఊరి బయట బ్రిమ్సన్ రోడ్డులో ఇల్లు. ఇల్లు వెచ్చబెట్టే ఆయిల్ అయిపోయింది. నా భార్య హెల్మికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, మంచం దిగలేదు. ఆ చలికి ఊపిరందడం లేదమ్మా."

వచ్చే వేషం గురించి కాలేజీ ఇచ్చిన కాగితం చూసుకుంది ట్రూడీ. అందులో రాసున్న పేరు హెరాల్డ్. రాసున్న కష్టం బస్సు పాసు.

కలం ఆగిపోయింది. ఈయన నటుడు కాడేమో. సాయం వెతుక్కుంటూ వచ్చి ఈ పరీక్షలో ఇరుక్కున్న నిజం మనిషేమో.

"ఇదివరకు ఎవర్ని అడిగారు?"

"ఆస్పత్రిలో అడిగా. మందులిస్తాం గానీ ఆయిల్ మా పని కాదన్నారు. ఆయిల్ ఇప్పించేచోట అడిగా. జబ్బుల సంగతి మాకెందుకు, వరసలో ఉండమన్నారు. వయసు మళ్లినవాళ్లకి సాయం చేసే ఆఫీసులో మంచావిడే, ఇంకో ఆఫీసు పేరు చెప్పింది."

"మరి ఇందాకటి గదుల్లో?"

"వాళ్లూ అంతే. మర్యాదగానే పంపించారు."

ట్రూడీకి ఒళ్లు మండింది. జబ్బు వేరు, ఆయిల్ వేరు ఎలా అవుతాయి? ఆవిణ్ణి చంపుతున్నది చలేగా! ఆ రెండూ కలిపి చూడ్డానికేగా, అందరిచేతా మాటలు పడుతూ తను ఈ చదువు చదువుతున్నది!

సంచిలోంచి ఫోన్ తీసింది.

గోడమీది స్పీకరు ఖంగుమంది. "ట్రూడీ, ఫోన్ లోపల పెట్టు. ఆఫీసు పేరు చెప్పి పంపిస్తే చాలు."

"ఈయన్ని అందరూ పంపించారు మేడమ్. నేను పంపను."

గంట మోగింది. ముసలాయన అలవాటుగా లేవబోయాడు.

"కూర్చోండి! ఆ గంట మీక్కాదు."

లిండ్‌గ్రెన్ తలుపు తోసుకుని వచ్చేసింది. వెనకాలే బ్రెంట్.

"ఆయన మా మనిషే ట్రూడీ. వేషం కట్టేవాళ్లు కావాలన్న నోటీసు చూసి తనే వచ్చి చేరాడు. ఏటా వస్తాడు, మేం రాసిచ్చింది వదిలేసి ఈ ఆయిల్ కథే అల్లుతాడు. బాగా పండిస్తాడు గదా అని ఊరుకుంటున్నాం."

"దీనికి పిచ్చెక్కింది," అని బ్రెంట్ నవ్వాడు.

"ఆ ఫోన్ చేశావంటే నీకు సున్నా," అంది లిండ్‌గ్రెన్.

"వేసుకోండి. కథయితే నాకు సున్నా. నిజమైతే ఒక మనిషి ప్రాణం. నేను చేస్తున్నా."

చేసింది. అత్యవసరంగా ఆయిల్ పంపే కౌంటీ ఆఫీసుకి. అందరికీ వినపడేలా పెట్టింది.

"చెప్పండి," అంది అవతల ఆడగొంతు.

"బ్రిమ్సన్ రోడ్డు, ఆర్వో నీమి గారిల్లు. ఇవాళే ఆయిల్ కావాలి. ఆవిడకి ఊపిరితిత్తుల జబ్బు. డాక్టరు చీటీ నేను తెప్పిస్తా. మీ బండి వచ్చేదాకా ఆవిణ్ణి వెచ్చని చోట పడుకోబెట్టే ఏర్పాటూ నేనే చూస్తా. వరస అని మాత్రం అనకండి. పంపుతున్నామని చెప్పేదాకా ఫోన్ పెట్టను."

అవతల మీటలు టకటకా నొక్కిన చప్పుడైంది.

"నీమి గారిల్లా?" ఆ గొంతు సన్నబడింది. "ఇప్పుడెందుకమ్మా... ఆయన ఊళ్లోకి మారిపోయాక, మూడేళ్ల నుంచీ ఆ ఇల్లు ఖాళీగానే ఉంది."

బ్రెంట్ నవ్వు ఆగిపోయింది.

లిండ్‌గ్రెన్ ముసలాయన వైపు తిరిగింది. ఇన్నేళ్లూ అద్దం వెనక నుంచి చూసిన మొహాన్ని మొదటిసారి ఎదురుగా చూస్తోంది.

ముసలాయన టోపీ పెట్టుకుని, ట్రూడీ చేతిమీద చెయ్యి వేసి ఫోన్ మెల్లగా కిందికి దించాడు.

"ఫోన్ తీసేవాళ్లు ఒక్కరైనా ఉంటారా అని ఏటా వస్తున్నా తల్లీ. ఇంక రానక్కర్లేదు."

"మరి హెల్మి గారు?"

"మూడేళ్ల కిందటి చలికాలమే పోయింది. నేనప్పుడు ఆయిల్ కోసం ఇలాగే గది గదికీ తిరుగుతున్నా."