కఫీల్ జాకెట్

"సచ్చిన్రా తమ్మీ!"

భోజన్న జాకెట్‌ను రెండు చేతులతో ఎత్తి చూపించాడు. నల్లటి తోలు జాకెట్ ఎండు చేపలా బిర్రబిగుసుకుపోయి ఉంది. చేతులు వంచబోతే కరకరమన్నాయి.

స్వామి చాయ్ గ్లాసు కింద పెట్టి పరుగున వచ్చాడు. "ఏం జేసినవే అన్నా?"

"నిన్న వానల తడిసింది గదా. పొద్దుగాల హీటర్ ముంగట పెట్టిన. గొంగడి తడిస్తె పొయ్యికాడ ఆరబెడ్తం, గట్లనే అనుకున్న."

సౌదీలో, తాయిఫ్ కొండల చలికి ఆ జాకెట్ వీళ్లకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ అబూ సాలెహ్‌కు ప్రాణం. పరదేశంలో కొని తెచ్చుకుని నెల కూడా కాలేదు. నీడలో ఆరబెట్టమని మరీ మరీ చెప్పి నిన్న వీళ్లు పనిచేసే తోట ఇంట్లో వదిలి వెళ్లాడు. ఇవాళ శుక్రవారం. నమాజు కాగానే వస్తాడు. భోజన్న పాస్‌పోర్టు అతని జేబులోనే ఉంది, ఊరికి పోనిచ్చే ఎగ్జిట్ ముద్రతో సహా. రేపు జెద్దాలో విమానం.

"యుద్ధమని ఒకపారి ఆపిండు. మనిషి లేడని ఇంకోపారి ఆపిండు. గిది జూస్తె మల్ల ఆపుతడు." భోజన్న కింద కూలబడ్డాడు. "పోరనికి మూడేండ్లు నిండినయి తమ్మీ. ఇప్పటిదాక మొకం జూడలే."

ఏం చేయాలో స్వామికి జాకెట్ చూడగానే తెలిసింది. చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. ఈ గదికి వచ్చిన రోజు భోజన్న కులం అడిగితే కాపులమని చెప్పాడు. రెండేళ్లుగా ఆ ఒక్క అబద్ధం మీదే ఇద్దరికీ ఒక పొయ్యి, ఒక కంచం నడుస్తున్నాయి. తోలు మీద చెయ్యి వేస్తే ఆ చెయ్యే గుట్టు బయటపెడుతుంది.

భోజన్న మోకాళ్లలో తల పెట్టుకుని ఏడుస్తున్నాడు. నలభై ఏళ్ల మనిషి అట్లా ఏడుస్తుంటే చూస్తూ కూర్చోవడం ఎవరి వల్ల అవుతుంది?

"ఆముదం శీశ ఉన్నదా?" అన్నాడు స్వామి.

వేడినీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి, తోలంతా మెల్లగా తుడిచాడు. రెండు చుక్కల ఆముదం అరచేతుల్లో వేసుకుని వెచ్చబడేదాకా రుద్ది, కుట్ల వెంట పట్టించడం మొదలుపెట్టాడు. భోజన్న ఆత్రంగా సీసా అందుకుని ఒంపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఎక్కువ వోస్తె జిడ్డయితది. తోలు ఎంత అడిగితె అంతనే తాపాలె."

మోచేతుల దగ్గర బొటనవేళ్లతో పిసికాడు. భుజాలు మడిచి, విప్పి, మళ్లీ మడిచాడు. కొంచెం లొంగగానే ఒంటి మీద వేసుకుని జిప్పు లాగాడు. చేతులు చాపుతూ, ముడుస్తూ, వంగుతూ, లేస్తూ దానిమ్మ చెట్ల మధ్య తిరిగాడు.

"ఇదేం ఆటరా?"

"కొత్త తోలుకు ఒంటి వేడి తగలాలన్నా. అప్పుడే మనిషి మాట ఇంటది."

భోజన్న అతన్ని ఎగాదిగా చూశాడు. "నీకీ పని ఎట్లొచ్చెరా?"

ఇక దాచి లాభం లేదు. స్వామి తల వంచుకున్నాడు. "మా నాయిన చెప్పులు కుట్టెటోడు. మేం కాపులం కాదన్నా, మాదిగోళ్లం. నీకు అబద్ధం చెప్పిన."

భోజన్న అతని చేతులను, ఒంటి మీది జాకెట్‌ను మార్చి మార్చి చూశాడు. తర్వాత చటుక్కున వచ్చి, జాకెట్‌తో సహా స్వామిని కౌగిలించుకున్నాడు.

"ఏదైతె ఏందిరా! కులం కూడువెడ్తదా? నా పాలిటి దేవునివి నువ్వు."

స్వామికి రెండేళ్ల భయం ఒక్కసారిగా దిగిపోయింది. ఇంత మంచి మనిషి దగ్గర ఇన్నాళ్లూ ఎందుకు దాచానా అని తనను తానే తిట్టుకున్నాడు.

నమాజు కాగానే అబూ సాలెహ్ కారు వచ్చి ఆగింది. దిగుతూనే జాకెట్ అడిగి తొడుక్కున్నాడు. చేతులు అటూ ఇటూ ఆడించి చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి.

"కొన్నప్పుడు కూడా ఇంత మెత్తగా లేదే! ఎవరు చేశారు?" అని అరబ్బీలో అడిగాడు.

భోజన్నకు అరబ్బీ అంతంతమాత్రం. స్వామిని వేలితో చూపించాడు.

కఫీల్ నవ్వి స్వామి భుజం తట్టాడు. జేబులోంచి పాస్‌పోర్టు తీసి భోజన్న చేతిలో పెట్టాడు. భోజన్న దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఊరికి పోయేవాడి కోసమని కారులోంచి పెద్ద పళ్లెం దించాడు. పొగలు కక్కుతున్న అన్నం, పైన మేక మాంసం. అబూ సాలెహ్ చాప మీద కూర్చుని, స్వామిని పక్కన కూర్చోబెట్టుకుని, లేత ముక్క తుంచి అతని ముందు పెట్టాడు. భోజన్నను కూడా రమ్మని చెయ్యి ఊపాడు.

భోజన్న నిలబడే ఉన్నాడు.

"నాకియ్యాల ఒక్కపొద్దు తమ్మీ. మీరు తినుండ్రి."

"ఏమంటున్నాడు?" అని కఫీల్ అడిగాడు.

స్వామి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. రెండేళ్లలో భోజన్న ఒక్క పూట పస్తున్నది లేదు. కఫీల్ పళ్లెం పెట్టిస్తే అందరికంటే ముందు కూర్చునేది అతనే. ఈ పొద్దున కూడా స్వామి కాల్చిన రొట్టెలు నాలుగు తిన్నాడు. ఇప్పుడేమో పాస్‌పోర్టు పేజీలు తిప్పుకుంటూ ఇటు చూడటమే లేదు.

"ఉపవాసమట," అన్నాడు స్వామి.

కఫీల్ మొహం వెలిగిపోయింది. లేచి వెళ్లి భోజన్నను గుండెలకు హత్తుకున్నాడు. "ఊరికి పోయే సంబరంలో కూడా నిష్ఠ తప్పలేదు. ఎంత మంచి మనిషి!" అని స్వామి వైపు తిరిగాడు.

"ఇతన్ని చూసి నేర్చుకో."