తాగిందీ నేనే, మానిందీ నేనే

ప్రతి ఇంటి గోడా మనుషుల ఊపిరిని పసిగట్టి దాచుకునే కాలం అది. జలాంతర్గాముల యార్డులో వెల్డరు ఉద్యోగానికి పైడితల్లి భద్రతా అనుమతి అడిగితే, అధికారి ముందున్న తెర మీద ఆమె ఇంటి గోడ దాచిన పాత రోజులన్నీ కనబడ్డాయి.

"రెండేళ్ళు రోజూ తాగారు," అన్నాడాయన.

"అవును సార్. ఆస్పత్రిలో చేరి మానేశాను. తొమ్మిదేళ్ళయింది."

ఆయన జాలిపడి గొంతు తగ్గించాడు. "అది దగ్గుమందు వాసనని, గోడ పొరబడిందని సంతకం పెట్టండి. అనుమతి ఇవాళే వచ్చేస్తుంది."

పక్కనున్న భర్త అప్పలస్వామి పెట్టెయ్యమని మోచేత్తో పొడిచాడు. పైడితల్లి కాగితాన్ని వెనక్కి నెట్టేసింది.

"గోడ పొరబడలేదు. తాగిందీ నేనే, మానిందీ నేనే. అబద్ధం రాసిచ్చి లోపలికెళ్తే, రేపెవడైనా అది పట్టుకుని నన్ను బెదిరించి యార్డు రహస్యాలు అడగొచ్చు. నేను దాచనిదాన్ని చూపించి నన్నెవడు బెదిరిస్తాడు?"

ఆ రోజు అనుమతి రాలేదు. ఆమె అప్పీలు చేసింది. నాలుగు నెలల తర్వాత కమిటీ పిలిచింది.

"మళ్ళీ తాగరని ఏమిటి నమ్మకం?" అని అడిగిందొక సభ్యురాలు.

"రోజూ పొద్దున్నే లేచి ఆ రోజుకి మానేస్తానమ్మా. ఇవాళ కూడా మానేసే వచ్చాను."

వారం తిరక్కుండా పైడితల్లి హెల్మెట్ తగిలించుకుని, తలెత్తుకుని యార్డు గేటు దాటింది.